డబుల్ బెడ్‌రూం ఇల్లు ఎవరికొచ్చింది, ఎందుకొచ్చింది: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణ ప్రభుత్వం పేదలకు ఉచితంగా కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల మీద హైదరాబాద్ బస్తీల్లో పదేళ్లుగా ఇవే డౌట్లు. పక్కింటోళ్లకు వచ్చింది మాకెందుకు రాలేదని ఒకరు, వచ్చింది గానీ ఇంత దూరమేంటని ఇంకొకరు. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీ ప్రశ్న ఏదో అక్కడికే నేరుగా వెళ్లి చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు. చాలామంది ఒక్కటే క్యూ ఉందనీ, అందులో ఎవరో మధ్యలో దూరారనీ అనుకుంటారు. దూరినవాళ్లు లేరని నేను అనను గానీ, అసలు ఇళ్లు ఇచ్చింది ఒక్క క్యూలో కాదు: కొందరికి డ్రాలో వచ్చాయి, కొందరికి ఖాళీ చేసిన జాగాకు బదులుగా వచ్చాయి.

## దరఖాస్తుకు ముందు

అసలు ఈ ఇళ్లు ఎవరి కోసం కట్టారు?

2015 అక్టోబరులో వచ్చిన మార్గదర్శకాల్లో షరతులు తక్కువే. కుటుంబం దారిద్య్ర రేఖకు దిగువన ఉండాలి, ఆహార భద్రత కార్డు (రేషన్ కార్డు) ఉండాలి, సొంత ఇల్లు ఉండకూడదు. గుడిసెలోనో రేకుల ఇంట్లోనో కిరాయికో ఉంటున్నవాళ్లు. ఇల్లు 560 చదరపు అడుగులు, రెండు పడగ్గదులు, హాలు, వంటగది. లబ్ధిదారు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. గొడవంతా ఇక్కడే మొదలైంది. అంతకుముందు పథకాల్లో ఎంతోకొంత అప్పు లబ్ధిదారు నెత్తిన ఉండేది, కట్టలేమనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆగిపోయేవాళ్లు. ఇక్కడ లక్షల విలువైన ఫ్లాట్ ఉచితం. మరి ఎవరాగుతారు?

నాకు ఊళ్లో పాత ఇల్లుంది, సిటీలో కిరాయికుంటున్నా. నేను అర్హుడినేనా?

ఆ ఇల్లు పక్కాదై, మీ పేరు మీదో మీ భార్య పేరు మీదో ఉంటే కష్టమే. ఈ ఇళ్లకు కేంద్రం నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం కింద ఇంటికి లక్షన్నర సాయం వాడుకున్నారు. ఆ పథకంలో షరతు ఏంటంటే దేశంలో ఎక్కడా కుటుంబ సభ్యుల పేరు మీద పక్కా ఇల్లు ఉండకూడదు. సిటీలో లేదు కదా అంటే కుదరదు. అయితే అక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఇల్లు మీ నాన్న పేరు మీదుండి, మీకు పెళ్లయి వేరే కార్డు ఉంటే అది మీ ఇంటి కింద లెక్క కాదు. రేపు పంపకాల్లో వస్తుందేమో అనేది వేరే సంగతి, ఇవాళ్టికి మీ పేరు మీద లేదు.

రేషన్ కార్డు లేకుండా వస్తుందా?

రాదనే అనుకోండి. అర్హత మొత్తం ఆ కార్డు మీదే నిలబడింది. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డులు దాదాపుగా ఇవ్వలేదు, దాంతో పెళ్లయి వేరుపడ్డ జంటలు పేరుకు అమ్మానాన్నల కార్డులోనే మిగిలిపోయారు. బయట కిరాయి కడుతూ, కాగితం మీద మాత్రం సొంతిల్లున్న కుటుంబంలో సభ్యులు. నా దృష్టిలో ఈ పథకం ఎక్కువ అన్యాయం చేసింది వీళ్లకే, పైగా వీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఇల్లు మా ఆవిడ పేరు మీదే ఎందుకిస్తారు? నా పేరు పెట్టించుకోవచ్చా?

మార్గదర్శకాల్లోనే ఇంటి ఇల్లాలి పేరు మీద ఇవ్వాలని ఉంది. కారణం అందరికీ తెలిసిందే: మగాయన పేరు మీదుంటే తాకట్టుకో అమ్మకానికో తొందరగా పోతుంది. కుటుంబంలో వయసొచ్చిన ఆడమనిషి ఎవరూ లేకపోతేనే మగవాళ్ల పేరు. దీని మీద ఆఫీసు చుట్టూ తిరగడం దండగ.

ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ కోటా ఎంత?

ఊళ్లలో ఎస్సీ, ఎస్టీలకు కలిపి 50 శాతం, మైనారిటీలకు 7, మిగతావాళ్లకు 43. పట్టణాల్లో ఎస్సీలకు 17, ఎస్టీలకు 6, మైనారిటీలకు 12, మిగతావాళ్లకు 65. దివ్యాంగులది వేరే లెక్క. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇళ్ల కేటాయింపులో 5 శాతం వాళ్లకు ఉండాలి, అందులోనూ ఆడవాళ్లకు ముందు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. కోటా ఉంటే ఇల్లు ఖాయమని కాదు, మీ కోటాలో ఉన్నవాళ్లతోనే పోటీ.

## పరిశీలన దశలో

మా ఇంటికి సర్వేకు ఎవరూ రాలేదు. అయినా అనర్హుల్లో ఎలా వేశారు?

వచ్చారు, కానీ మీరు వదిలేసిన ఇంటికి వచ్చారు. సిటీలో కిరాయికుండేవాళ్లు ఎప్పుడూ ఒకే ఇంట్లో ఉండరు. ఓనర్ కిరాయి పెంచాడనో, పిల్లల బడి మారిందనో, నీళ్లు రావట్లేదనో మారుతూనే ఉంటారు. దరఖాస్తు 2016లో పెట్టారు, అందులో అప్పటి అడ్రసే ఉంది. ఏడేళ్ల తర్వాత సర్వే మనిషి కాగితాలు పట్టుకుని అదే గేటు ముందు నిలబడితే, ఓనరమ్మ మేడ మీద నుంచి 'వాళ్లు ఎప్పుడో ఖాళీ చేశారు' అని చెప్పి లోపలికి పోతుంది. ఆయన ఫోన్ కొడితే నంబర్ పనిచేయదు. అంతే, మీ పేరు పక్కన 'అందుబాటులో లేరు' అని పడుతుంది. జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) పరిధిలో 7 లక్షలకు పైగా దరఖాస్తులొస్తే పరిశీలన తర్వాత దాదాపు సగమే మిగిలాయి. తీసేసినవన్నీ దొంగ దరఖాస్తులు కావు. ఇల్లు లేనివాళ్ల కోసం పెట్టిన పథకంలో, ఇల్లు లేక మారుతూ తిరిగినవాళ్లే గల్లంతయ్యారు. అందుకే ఇల్లు మారినప్పుడల్లా ఆధార్‌లో, ఓటరు కార్డులో అడ్రస్ మార్పించుకోండి, ఫోన్ నంబర్ మాత్రం మార్చకండి.

ఓటరు కార్డుకూ ఇంటికీ సంబంధమేంటి?

గ్రేటర్‌లో 2023లో ఇళ్లను అసెంబ్లీ నియోజకవర్గాల వారీగా పంచారు. మీరు ఏ నియోజకవర్గం లెక్కలోకి వస్తారో తేల్చడానికి ఓటరు కార్డు వాడారు. ఓటు సొంతూళ్లోనే ఉంచుకుని, ఎలక్షన్లకు బస్సెక్కి వెళ్లొచ్చేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడింది.

ఎమ్మెల్యే లెటర్ తెచ్చుకుంటే పనవుతుందా?

ఎక్కడ ఎన్ని ఇళ్లు కట్టాలన్న దగ్గర మంత్రికీ ఎమ్మెల్యేలకూ మాట ఉంది. ఎవరికివ్వాలన్నది మాత్రం కాగితం మీద తహసీల్దార్ విచారణ, ఊళ్లో అయితే గ్రామసభ, అర్హులు ఎక్కువైతే లాటరీ. ఊళ్లలో గ్రామసభ లిస్టు ముందే ఎవరింట్లోనో తయారై వచ్చిందన్న ఆరోపణలు చాలాచోట్ల విన్నవే, గ్రామసభ రోజు కలెక్టరేట్ ముందు ధర్నాలు జరిగింది కూడా వాటి మీదే. గ్రేటర్‌లో కంప్యూటర్ డ్రా వచ్చాక లెటర్ విలువ బాగా పడిపోయింది. దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి ఎమ్మెల్యే ఆఫీసు పనికొస్తుంది, దానికి వాడుకోండి.

ఒకాయన రెండు లక్షలిస్తే అలాట్‌మెంట్ ఇప్పిస్తానంటున్నాడు. నమ్మొచ్చా?

వద్దు. దొంగ పట్టాలు, దొంగ సంతకాలతో డబ్బులు గుంజి పోలీసులకు దొరికిన ముఠాలు ఒకటీ రెండూ కావు. వీళ్ల ట్రిక్కు ఒకటే: పది మంది దగ్గర తీసుకుంటారు, డ్రాలో వాళ్లంతట వాళ్లకే ఎవరికైనా వస్తే తనే ఇప్పించానంటాడు, మిగతావాళ్లకు 'నెక్స్ట్ లిస్టులో' అంటాడు. చీటీ పాడిన డబ్బులు, పుస్తెలతాడు కుదవపెట్టిన డబ్బులు ఇలా పోగొట్టుకున్నవాళ్లు ప్రతి బస్తీలో దొరుకుతారు.

## డ్రా సంగతి

డ్రా ఎలా తీశారు? చీటీలు తీశారా?

2023లో గ్రేటర్‌లో తీసింది చీటీలు కాదు, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ తయారు చేసిన సాఫ్ట్‌వేర్. సిటీలో 24 నియోజకవర్గాలు, మొదటి విడతలో ఒక్కోదానికి 500 చొప్పున. అర్హుల జాబితాను ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, మిగతావాళ్లు అని విడగొట్టి పార్టీల వాళ్ల ముందు, మీడియా ముందు మీట నొక్కారు. సెప్టెంబరు 2న పట్టాలివ్వడం మొదలైంది, తర్వాత ఇంకో రెండు విడతలు అక్టోబరు మొదటి వారంలోపే అయిపోయాయి. ఆ ఏడాది చివర్లో ఎన్నికలు కాబట్టి ఆ తొందర. ఏళ్ల తరబడి తాళాలేసి ఉన్న ఇళ్లు నెలన్నరలో చేతులు మారాయి.

నాకంటే బాగున్నవాళ్లకు వచ్చింది. నాది రేకుల షెడ్డు, నాకు రాలేదు. ఇదేం న్యాయం?

ఇది ఎక్కువమంది అడిగేది, కోపంగా అడిగేది. సమాధానం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇక్కడ ఎవరికి ఎక్కువ అవసరమో ఎవరూ కొలవలేదు. అర్హులా కాదా అన్నదొక్కటే చూశారు. గీత లోపల పడ్డాక అందరూ సమానం. వర్షమొస్తే మోకాళ్ల లోతు నీళ్లలో ఉండే ఒంటరి ఆడమనిషీ, ఇద్దరు కొడుకులు పనికెళ్తూ శ్లాబు ఇంట్లో కిరాయికుండే కుటుంబమూ కంప్యూటర్‌కు ఒకటే. రెండూ ఒక్కో నంబరు.

పాయింట్లు వేసి ముందు ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. కానీ పాయింట్లు వేసేది ఎవరు? ఆదాయం సర్టిఫికెట్ నుంచి ఒంటరి మహిళ సర్టిఫికెట్ దాకా పైరవీతో తెచ్చుకోగలిగిన చోట, పాయింట్లు కూడా తెలివైనవాళ్ల సంచిలోకే పోతాయి. లాటరీలో కనీసం ఆ బెడద లేదు, గుడ్డిది గానీ లంచం తినదు. నన్నడిగితే రెండింటికీ మధ్య దారి ఉండేది: వితంతువులు, దివ్యాంగులు, పారిశుధ్య కార్మికులు, నాలా ఒడ్డున ఉంటున్నవాళ్లు, ఇలా వీధిలోకొచ్చి చూస్తే కళ్లకు కనపడే కష్టాలున్నవాళ్లకు మొదటి డ్రా తీసి, మిగిలినవి అందరికీ తీయాల్సింది. దివ్యాంగులకు 5 శాతం వేరుగా తీయగలిగినప్పుడు ఇది చేయలేనిదేమీ కాదు.

పక్క బస్తీలో డ్రా లేకుండానే అందరికీ వచ్చాయి. వాళ్లకెలా?

అక్కడ ఇల్లు ఇచ్చింది దరఖాస్తుకు కాదు, ఖాళీ చేసిన జాగాకు. ఉన్న బస్తీని పడగొట్టి అదే స్థలంలో అపార్ట్‌మెంట్లు కడితే, ముందు అక్కడ గుడిసెలున్నవాళ్లతో లిస్టు రాసుకుని, వాళ్లు కట్టేదాకా బయట కిరాయికి ఉండి, తర్వాత అదే చోట ఇల్లు తీసుకుంటారు. సికింద్రాబాద్ బోయిగూడలో ఐడీహెచ్ కాలనీ అలా వచ్చిందే, 396 ఇళ్లు, 2015 నవంబరులో మొదలైన ఆ కాలనీని చూసే ఊరంతా ఇలాంటి ఇల్లు కావాలంది. చంచల్‌గూడ పిల్లిగుడిసెలులో 288 ఇళ్లు 2021లో. వీళ్లకు అదృష్టం కలిసొచ్చిందనడం తప్పు. తరాలుగా ఉన్న జాగా ఇచ్చారు, కట్టేవరకు ఏళ్ల తరబడి సొంత డబ్బులతో కిరాయి కట్టారు. అయితే ఆ బస్తీలో గుడిసెకు కిరాయికున్నవాళ్ల సంగతి వేరు, లిస్టు రాసేటప్పుడు పేరు ఎవరిది రాయాలన్న దగ్గరే కొట్లాటలు.

మూసీ ఒడ్డు వాళ్లకు వారంలో ఇల్లిచ్చారు. మేం ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్నాం. మా వంతు పోయినట్టేనా?

2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో మూసీ నదీగర్భంలో ఉన్న ఇళ్లను ఖాళీ చేయించినప్పుడు, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల వాళ్లను కట్టి ఖాళీగా ఉన్న డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. నిర్వాసితులు కాబట్టి వాళ్లకు డ్రా ఉండదు, ఉన్న ఇల్లు పడగొడుతూ 'డ్రా దాకా ఆగండి' అనలేరు కదా. ఆ ఇళ్లు మామూలు డ్రాకు మిగిలేవే, ఆ మేరకు మీ అవకాశం తగ్గిన మాట నిజం. కానీ కోపం వాళ్ల మీద పెట్టుకోకండి, అడిగి వచ్చినవాళ్లు కాదు వాళ్లు. పిల్లల బళ్లు, పనులు వదిలి రాలేక ఏడ్చినవాళ్లే ఎక్కువ.

## ఎక్కడిచ్చారు, ఎందుకక్కడ

మేం ముషీరాబాద్‌లో ఉంటే కొల్లూరులో ఇచ్చారు. దగ్గర్లో ఎందుకివ్వలేదు?

దగ్గర్లో ప్రభుత్వానికి అంత జాగా లేదు. గ్రేటర్‌కు లక్ష ఇళ్లు అనుకున్నారు, సిటీ నడిబొడ్డున దొరికింది పాత బస్తీల స్థలాలే, అవి అక్కడివాళ్లకే సరిపోతాయి. మిగతావన్నీ ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కట్టారు. కొల్లూరు రెండో దశ ఒక్కచోటే 15,660 ఇళ్లు, 117 బ్లాకులు, 2023 జూన్‌లో ప్రారంభించారు. ఉన్నది సంగారెడ్డి జిల్లాలో.

ఇల్లు బాగుంది, లిఫ్టుంది, గాలి వెలుతురు ఉంది. కానీ హిమాయత్‌నగర్‌లో మూడిళ్లలో గిన్నెలు తోముకునే అక్కకు పొద్దున ఆరింటికి మొదటి ఇల్లు. కొల్లూరు నుంచి రెండు బస్సులు మారి ఆ టైముకు రావాలంటే ఎన్నింటికి లేవాలో మీరే లెక్కేసుకోండి. ఇల్లొచ్చింది, పని పోయింది. చాలామంది ఆ ఇంటికి తాళమేసి ముందున్న బస్తీలోనే కిరాయికుంటున్నది అందుకే. వాళ్లను 'అవసరం లేకపోయినా తీసుకున్నారు' అనడం తేలిక.

మా ఊరి భూమిలో కట్టి మొత్తం సిటీవాళ్లకే ఇచ్చారు. మాకు హక్కు లేదా?

కొంత ఉంది. శివార్లలో కట్టిన చోట స్థానికులకు 10 శాతం, అదీ వెయ్యి ఇళ్లకు మించకుండా ఇవ్వాలన్నారు. పదిహేను వేల ఇళ్లున్న చోట కూడా వెయ్యే. భూమి పోయిన ఊరికి ఇది చాలా తక్కువని నేననుకుంటా. బడి, ఆసుపత్రి, నీళ్లు వేల కొత్త కుటుంబాలతో పంచుకోవాల్సింది కూడా ఆ ఊరోళ్లే.

మాకు తొమ్మిదో అంతస్తు వచ్చింది, మా అమ్మ మెట్లెక్కలేదు. కింద ఇప్పించుకోవచ్చా?

పట్టా తీసుకునే ముందే రాతపూర్వకంగా అడగండి, వైకల్యం సర్టిఫికెట్ జత చేయండి. కింది అంతస్తు దివ్యాంగులకు, వయసు మళ్లినవాళ్లకు ఇవ్వమని అడిగితే వినే అధికారులున్నారు. గృహప్రవేశం అయ్యాక అడిగితే ఖాళీ ఉండదు.

ఇంకో లబ్ధిదారుతో మాట్లాడుకుని ఇళ్లు మార్చుకోవచ్చా?

మీలో మీరు తాళాలు మార్చుకుంటే చెల్లదు. తనిఖీకి వస్తే పట్టాలో పేరు ఒకరిది, లోపల ఉన్నది ఇంకొకరు. ఇద్దరి ఇళ్లూ చిక్కులో పడతాయి.

## తాళం చేతికొచ్చాక

అమ్ముకోవచ్చా? కిరాయికిచ్చుకోవచ్చా?

రెండూ కుదరవు. వారసులకు వస్తుంది, బయటివాళ్లకు అమ్మకూడదు. నోటరీ కాగితం మీద నాలుగైదు లక్షలకు కొన్నామని చెప్పేవాళ్లు ఉంటారు, ఆ కాగితానికి విలువ లేదు. రద్దయితే కొన్నవాడి డబ్బూ, అమ్మినవాడి ఇల్లూ రెండూ పోతాయి. అధికారులు తలుపు తలుపూ తట్టి ఎవరుంటున్నారో చూసి నోటీసులివ్వడం కొత్తేమీ కాదు.

అలాట్ అయిన మా అమ్మ చనిపోయింది. ఇల్లు తీసేసుకుంటారా?

తీసుకోరు, వారసత్వంగా వస్తుంది. మరణ ధ్రువీకరణ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని తహసీల్దార్ ఆఫీసులో పేరు మార్పుకు పెట్టుకోండి. అన్నదమ్ముల మధ్య తగువుంటే ముందు అది తేల్చుకుని వెళ్లండి, ఆఫీసులో తేలదు.

ఉచితం అన్నారు, మరి మెయింటెనెన్స్ అడుగుతున్నారేంటి?

ఇల్లు ఉచితం, లిఫ్టుకు కరెంటు ఉచితం కాదు. కొల్లూరు లాంటి చోట్ల షాపులు కట్టి వాటి కిరాయితో నిర్వహణ నడపాలన్నది ప్లాన్. షాపులు నిండకపోతే భారం మళ్లీ ఇళ్లవాళ్ల మీదే. లిఫ్టు ఒక్కసారి ఆగితే పై అంతస్తుల్లో గ్యాస్ బండ మోసేవాళ్లకు తెలుస్తుంది.

## రానివాళ్లు ఇప్పుడేం చేయాలి

పాత డబుల్ బెడ్‌రూం దరఖాస్తు ఇందిరమ్మ ఇళ్లకు పనికొస్తుందా?

దాన్నే నమ్ముకుని కూర్చోకండి. ఇందిరమ్మ ఇళ్లు 2023 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం పెట్టిన వేరే పథకం. దానికి పేర్లు 2023 డిసెంబరు చివర్లో మొదలైన ప్రజాపాలన కార్యక్రమంలో వచ్చిన దరఖాస్తుల్లోంచి తీసుకున్నారు, 2024 డిసెంబరులో యాప్‌తో ఇంటింటి సర్వే చేశారు. పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి 5 లక్షలు. దరఖాస్తులను మూడుగా విడగొట్టారు: జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్1, జాగా కూడా లేనివాళ్లు ఎల్2, మిగతావాళ్లు ఎల్3. ముందు ఇచ్చింది ఎల్1కు. కట్టుకోవడానికి డబ్బులిచ్చే పథకం కాబట్టి జాగా ఉన్నవాళ్లకు ఇవ్వడం సులువు. సిటీలో కిరాయికుండేవాళ్లలో ఎక్కువమంది ఎల్2లోనే ఉంటారు. అంటే అందరికంటే తక్కువ ఉన్నవాళ్లు ఈసారి కూడా వెనకే నిలబడ్డారు.

ఆంధ్రాలో టిడ్కో ఇళ్లు కూడా ఇలాగేనా?

కాదు. టిడ్కో అంటే అక్కడ పట్టణాల్లో పేదలకు ఇళ్లు కట్టిన ప్రభుత్వ సంస్థ. అక్కడ మూడు సైజులు: 300, 365, 430 చదరపు అడుగులు. 300 అడుగుల ఇల్లు ఒక్క రూపాయికి ఇచ్చారు. మిగతా రెంటికి లబ్ధిదారు వాటా, బ్యాంకు లోను ఉన్నాయి. ఇల్లు చేతికి రాకముందే కిస్తీ మొదలైందని గోల పెట్టినవాళ్లు అక్కడ చాలామంది.

ఎవరెవరికిచ్చారో లిస్టు చూడొచ్చా? అడిగితే ఆఫీసులో ఇవ్వట్లేదు.

చూడొచ్చు. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు అడగకముందే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. పెట్టకపోతే దరఖాస్తు చేయండి, తెల్ల కార్డు ఉంటే ఫీజు లేదు, జిరాక్స్ జత చేస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'మొత్తం లిస్టు ఇవ్వండి' అని రాయకండి, నెలలు తిప్పుతారు. మీ నియోజకవర్గం, మీ కేటగిరీ, ఏ విడత అన్నది రాసి, దాంతోపాటు మీ దరఖాస్తు నంబరు వేసి 'అనర్హత ఉంటే కారణం, విచారణ నివేదిక కాపీ' అడగండి. చాలామందికి అసలు కారణం ఆ కాపీలోనే దొరుకుతుంది: ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉండటమో, అదే పేరున్న వేరే ఎవరికో పాత పథకంలో వచ్చిన ఇల్లు మీ ఖాతాలో పడటమో. ఆ కాపీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే రసీదు తీసుకోవడం మర్చిపోకండి.